అత్తగారు భక్తురాలు, నేను నాస్తికురాలిని: పూజలో కూర్చుంటే నటించినట్టు అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీకు దేవుడి మీద నమ్మకం లేదు, కాలేజీ రోజుల నుంచే లేదు. మీవారిది ఎటూ కాని ధోరణి. అత్తగారు మాత్రం దీపం పెట్టందే కాఫీ కూడా ముట్టని మనిషి. అందరూ అల్వాల్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నారు. వసంత పంచమికి పాపకు బాసరలో అక్షరాభ్యాసం చేయిద్దామని ఆవిడ అంటే, మీరు పీటల మీద కూర్చోనన్నారు. మాటా మాటా పెరిగి ఆవిడ "పాపభీతి లేనిదానివి" అన్నారు, మీరు "ఇదంతా మూఢత్వం" అన్నారు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. కూర్చుంటే నటన అవుతుందా అని అడిగారు. నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఒకరినొకరు ఇంత చులకనగా ఎందుకు చూసుకుంటారని కూడా అడిగారు.

మొదటిదానికి జవాబు: కూర్చోండి. అది నటన కాదు. మీకు నమ్మకం లేదన్న సంగతి అవతలివాళ్లకు ముందే తెలిసి ఉంటే చాలు. మీ ఇంట్లో ఆ సంగతి ఇప్పటికే ఎవరికీ తెలియకుండా లేదు. నమ్ముతున్నట్టు కనబడాలని కళ్లు మూసుకుని పెదవులు కదిపితే అది నటన. "నాకు నమ్మకం లేదత్తయ్యా, కానీ పాప వేడుక, మీరు ఆశపడ్డారు, వస్తాను" అని చెప్పి వస్తే అందులో దాచిపెట్టింది ఏముంది? సంకల్పం మీవారు చెప్పుకుంటారు. మీరు పాప చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరం రాయిస్తారు. పిల్లకు అక్షరం నేర్పడంలో మీకు అభ్యంతరం ఉంటుందని నేను అనుకోను.

రెండో ప్రశ్నకు జవాబు కాస్త పొడుగు.

నేను హైదరాబాద్‌లో ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తాను. ఆస్తుల గొడవలు, అత్తాకోడళ్లు, విడాకుల దాకా వెళ్లి ఆగినవాళ్లు, అన్నీ వస్తాయి. వాటిలో "దేవుడి గొడవ" అని చెప్పుకుని వచ్చేవి ఈ మధ్య బాగానే పెరిగాయి. మా ఇంట్లో నేను దీపం పెడతాను, మావారు పెట్టరు. ఎవరి తరఫున మాట్లాడుతున్నానో అని ఎవరూ అనుమానపడకూడదని ఇది చెబుతున్నాను.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో దేవుడు ఉన్నాడా లేడా అని నిజంగా వాదించుకున్నవాళ్లు దాదాపు లేరు. గొడవంతా "నువ్వు నన్ను ఏమనుకుంటున్నావు" అన్న దాని మీదే. మీరు "మూఢత్వం" అనగానే ఆవిడకు వినిపించింది "మీకు బుర్ర లేదు" అని. ఆవిడ "పాపభీతి లేదు" అనగానే మీకు వినిపించింది "నీకు గుణం లేదు" అని. బుర్ర లేదంటే మనిషి కాస్త ఆలస్యంగానైనా మర్చిపోతుందేమో కానీ, గుణం లేదంటే మర్చిపోదు. అందుకే మీకు అంత మండింది.

ఆ మాట మీ అత్తగారి సొంత కనిపెట్టుడు కూడా కాదు. దేవుడంటే భయం లేని మనిషి దేనికైనా తెగిస్తాడన్న అనుమానం లోకమంతా ఉంది. 2017లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మనదేశంతో కలిపి 13 దేశాల్లో మూడు వేల మందికి పైగా మనుషుల మీద ఒక అధ్యయనం చేశారు. ఘోరమైన పని చేసిన ఒక మనిషి కథ వినిపించి, వాడు ఎలాంటివాడై ఉంటాడని అడిగారు. నాస్తికుడై ఉంటాడని తడుముకోకుండా అనుకున్నవాళ్లే ఎక్కువ. తమాషా ఏమిటంటే, దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా చాలామంది అటే మొగ్గారు. తోటి నమ్మనివాడి మీద వాళ్లకే నమ్మకం లేదన్నమాట. కాబట్టి ఆవిడ నోటి నుంచి వచ్చిన ఆ మాట మీ మీద ప్రత్యేకంగా పుట్టింది కాదు, తరాల నుంచి నాలుకల మీద ఆడుతున్నదే. బాధ తగ్గకపోవచ్చు కానీ కోపం కొంచెం తగ్గుతుంది.

ఇంకో లెక్క కూడా చెప్తాను. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2019 చివర, 2020 మొదట్లో దేశంలో దాదాపు 30 వేల మందిని కలిసి అడిగితే, నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. అంటే మీ అత్తగారి జీవితంలో, నమ్మనని మొహం మీద చెప్పిన మొట్టమొదటి మనిషి మీరే కావచ్చు. అదీ సొంత ఇంట్లో, సొంత కోడలు.

ఇక మీవైపు చూపు. చదువుకున్న నమ్మనివాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. భక్తిని సైన్స్ పరీక్షలో రాసిన తప్పు జవాబులా చూస్తారు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి చూడండి. వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసే కుర్రాడు బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇంట్లో వదిలేసి ఇంటర్వ్యూకి పోడు. కాగితాలన్నీ సరిచూసుకుంటాడు, ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ తీసుకుంటాడు, తర్వాత ప్రదక్షిణ చేస్తాడు. పని అయితే వచ్చి 108 చేస్తాడు. వాడికి కారణం, కార్యం తెలియక కాదు. తన చేతిలో లేని ముక్క ఒకటి మిగిలిపోతుంది, దాని టెన్షన్ ఎక్కడో దింపుకోవాలి. రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు నమూనా పట్టుకుని తిరుమల వెళ్తారు, వెళ్లొచ్చాక కౌంట్‌డౌన్‌లో ఒక్క మెట్టు కూడా దాటేయరు. మీ అత్తగారు కూడా పాపకు జ్వరం వస్తే దిష్టి తీసి ఊరుకుంటారా, డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతారా? రెండోదే అయితే ఆవిడను మూఢురాలు అనే హక్కు మీకు లేదు. మొదటిదే అయితే అది వేరే కథ, దానికి కింద వస్తాను.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. మీది కోడలి నాస్తికత్వం, అది మగవాడి నాస్తికత్వం లాంటిది కాదు.

ఇంట్లో కొడుకు "నాకు ఇవన్నీ పట్టవు" అంటే "వాడి ధోరణే అంత" అని నవ్వేసి, వాడికీ ప్రసాదం పెడతారు. మీవారు పూజగదిలోకి వెళ్లి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి. దాని మీద ఎప్పుడైనా గొడవైందా? అదే మాట కోడలు అంటే ఇల్లు అదిరిపోతుంది. ఎందుకంటే మన ఇళ్లలో మతం ఆలోచనల్లో కంటే ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉంటుంది. గడపకు పసుపు రాయడం, వెండి కుందులు తోమడం, శ్రావణ శుక్రవారం ముత్తయిదువలను పిలవడం, బోనం కుండకు సున్నం, పసుపు, కుంకుమ దిద్దడం, కొబ్బరికాయ కొట్టాక నైవేద్యం పెట్టడం, అన్నీ ఎవరు చేస్తారు? ఆ పనంతా మీ అత్తగారు తన అత్తగారి దగ్గర, బహుశా తిట్లు తింటూ, నేర్చుకున్నారు. దాన్ని మీకు అప్పగించాలనుకున్నారు. మీరు "నమ్మను" అన్నప్పుడు ఆవిడకు దేవుడికి జరిగిన అవమానం కంటే, తన తర్వాత ఈ ఇంట్లో దీపం ఎవరు పెడతారన్న దిగులే ఎక్కువ ఉంటుంది. కౌన్సెలింగ్‌లో అత్తగార్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే నాకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు ఇదే. కొంతమంది ఆ ఒక్క మాట చెప్పడానికి ముందు గంటసేపు కోడలి వంట గురించి చెప్తారు.

ఇక్కడ మీ తరఫున కూడా మాట్లాడాలి. నమ్మేవాళ్లకు నమ్మకం ఉంటే, ఆ పని కూడా వాళ్లే చేసుకోవాలి. వ్రతం మామగారిది, మొక్కు కొడుకుది, పిండివంటలు మాత్రం నమ్మని కోడలివి అంటే కుదరదు. మీ ఇంట్లో అలా ఉందేమో చూసుకోండి. చాలా ఇళ్లలో కోడలి నాస్తికత్వం సగం ఒళ్లు అలిసిపోవడమే. ఒక కేసులో ఆ అమ్మాయి "నేను నాస్తికురాలిని" అని రెండేళ్లు పోట్లాడింది. ప్రసాదాల పని భర్త పంచుకోవడం మొదలుపెట్టాక, హారతికి వచ్చి పక్కన నిలబడటంలో ఆమెకు ఇబ్బందేమీ కనిపించలేదు. మీదీ అలాంటిదే అని నేను అనడం లేదు. మీది నిజమైన అవిశ్వాసమే కావచ్చు. కానీ ఏది ఎంత అన్నది వేరుచేసి చూసుకోవాలి.

కలిసి బతకడం ఎలా ఉంటుందో ఒక జంటను చూసి చెప్తాను. రాంనగర్ వైపు ఉంటారు, పెద్దవాళ్లు. ఆయన ఆజామాబాద్‌లో యూనియన్‌లో పనిచేసిన మనిషి, గుడి మెట్టెక్కడు. ఆవిడ శనివారం తప్పకుండా చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలి. ఆయనే స్కూటర్ మీద దింపుతాడు. ఆవిడ చెప్పులు స్కూటర్ ముందు భాగంలో పెట్టుకుని, ఇరానీ హోటల్‌లో చాయ్ చెప్పి, పేపర్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతాడు. ఆవిడ వచ్చి పులిహోర పొట్లం ఇస్తుంది, తింటాడు. ప్రసాదం అనడు, పులిహోర అంటాడు. ఆవిడ దిద్దదు. వాళ్లు నా దగ్గరికి వచ్చింది కొడుకు ఇంటి గొడవకు, తమ గొడవకు కాదు. "మీకు ఎప్పుడూ పేచీ రాలేదా" అంటే ఆవిడ, "ఆయన్ను మార్చాలని పెళ్లైన కొత్తలో చూశాను, ఆయనా చూశాడు, తర్వాత పిల్లల ఫీజులు వచ్చాయి" అంది.

ఈ సర్దుబాటు మన నేలకు కొత్త కూడా కాదు. గోరాగారి గురించి వినే ఉంటారు, గోపరాజు రామచంద్రరావు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు తెచ్చిన మనిషి. ఆయన గాంధీతో కూర్చుని దేవుడి గురించి వాదించాడు. ఇద్దరూ మారలేదు. గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయిస్తే, ఆ పెళ్లి తన సేవాగ్రామ్ ఆశ్రమంలో తాను చేయిస్తానని, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెడతానని గాంధీ ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన్ను చంపేశారు. అనుకున్న పెళ్లి మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. రోజూ ప్రార్థన సభ పెట్టే మనిషి ఒక నాస్తికుడి కోసం అంత దూరం వచ్చాడు. గోరా కూడా పెళ్లి ప్రార్థనలు చేసుకునే ఆశ్రమంలో జరగడానికి అభ్యంతరం పెట్టలేదు. ఇంకా వెనక్కి పోతే, పరలోకం లేదు, తండ్రి మాట పక్కనపెట్టి రాజ్యం ఏలుకో అని రాముడికే చెప్పిన జాబాలి దశరథుడి కొలువులోని రుషే. రాముడికి కోపం వచ్చింది, గట్టిగానే మాట్లాడాడు. వసిష్ఠుడు మధ్యలో సర్దిచెప్పాడు. జాబాలిని కొలువు నుంచి గెంటేయలేదు.

నమ్మనివాళ్ల ఇళ్లలో కూడా బలవంతం ఉంటుంది, అది కూడా చెప్పకపోతే అన్యాయం. ఒక హేతువాది కూతురు, డిగ్రీ చదివే పిల్ల, వినాయకుడి చిన్న బొమ్మను బీరువాలో చున్నీల కింద దాచుకుంది. శనివారం ఉపవాసం ఉండి, టిఫిన్ బాక్స్ ఫ్రెండ్‌కి ఇచ్చేసేది. తండ్రికి తెలిసి మాట్లాడటం మానేశాడు. ఆయన సభల్లో ఆలోచనా స్వేచ్ఛ గురించి బాగా మాట్లాడతాడు. నా గదిలో మాత్రం, "నా పెంపకంలో లోపం ఏమిటో చెప్పండి" అన్నాడు. సరిగ్గా అదే వాక్యం, కొడుకు గుడికి రావడం లేదని ఏడ్చే తల్లుల నోట నేను ఎప్పుడూ వినేదే. మీ పాప పెద్దయ్యాక బొట్టు పెట్టుకుని గుడికి వెళ్తానంటే మీరేం చేస్తారో ఇప్పుడే కాస్త ఆలోచించుకోండి.

అయితే దేనికి సర్దుకోవాలి, దేనికి సర్దుకోకూడదు? నేను చెప్పే గీత ఇది. ఒంటికి, ప్రాణానికి, ఇల్లు గడిచే డబ్బుకు, ఇంకో మనిషి గౌరవానికి దెబ్బ తగిలే చోట ఒప్పుకోకండి. మిగతా అన్నిచోట్లా వీలైనంత ఉదారంగా ఉండండి. అక్షరాభ్యాసంలో దెబ్బతినేది ఏదీ లేదు. దోష నివారణ అని లక్షలు అడిగే జ్యోతిష్యుడి దగ్గర ఉంది. గర్భిణిని గ్రహణం పూట తిండి, నీళ్లు లేకుండా గదిలో పెట్టడంలో ఉంది. (గోరాగారి భార్య సరస్వతిగారు గర్భంతో ఉండగానే గ్రహణం వేళ బయటికి వచ్చి చూపించారు, అది ఆ రోజుల్లో మాటలు కాదు.) నెలసరికి వాకిట్లో కూర్చోమనడంలో ఉంది. పనమ్మాయి కులం అడిగి పూజగది దగ్గరికి రానివ్వకపోవడంలో ఉంది. వీటికి "లేదత్తయ్యా" అని గట్టిగా చెప్పండి. పీటల మీద కూర్చోవడం లాంటి చిన్నవాటికి మీ "లేదు" అంతా ఖర్చు పెట్టేస్తే, పెద్దవి వచ్చినప్పుడు ఎవరూ లెక్కచేయరు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. రాజ్యాంగం 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛ ఇస్తుంది, అది నమ్మేవాళ్లకే కాదు. "నాస్తికురాలివి కాబట్టి విడాకులు ఇప్పిస్తా" అని ఎవరైనా బెదిరిస్తే బెదరకండి. హిందూ వివాహ చట్టంలో వేరే మతంలోకి మారడం విడాకులకు ఒక కారణం, దేవుణ్ణి నమ్మకపోవడం మతం మారడం కాదు. కానీ రోజూ కించపరుస్తూ మాట్లాడటం, ఎవరు చేసినా, కోర్టులో క్రూరత్వం కింద వాదనకు వస్తుంది. కాబట్టి నోరు ఇద్దరూ అదుపులో పెట్టుకోవాలి. పాప కాగితాల్లో మతం రాయాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. జనన ధ్రువీకరణ దరఖాస్తులో కులం, మతం లేవని రాసుకునే వీలు కల్పించాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. కానీ ఆ పని ఇప్పుడు, ఈ గొడవ మధ్యలో మొదలుపెట్టకండి. అది మీవారితో చల్లగా కూర్చుని తేల్చుకోవాల్సింది.

ఇది చదివే ఇంకొందరికి ఒక హెచ్చరిక. పైన చెప్పిన "ముందే చెప్పేయండి" అన్నది అందరికీ వర్తించదు. టోలీచౌకి నుంచి ఒక ముస్లిం అబ్బాయి వచ్చేవాడు. నమ్మకం పోయింది, ఇంట్లో చెప్పలేదు, శుక్రవారం అబ్బాతో మసీదుకు వెళ్తాడు. అబద్ధంలో బతుకుతున్నానని కుమిలిపోయేవాడు. చెల్లెలి పెళ్లి కావాలి, తండ్రికి గుండె జబ్బు, తన జీతం మీద ఇల్లు. ఇప్పుడు చెప్పాల్సిన అవసరం లేదన్నాను. అలాగే చర్చి పాస్టర్ కూతురికి కూడా అన్నాను. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు. చెప్పడం వల్ల గూడు, చదువు, భద్రత పోయే పరిస్థితి ఉంటే ముందు వాటిని చూసుకోవాలి. మీ ఇంట్లో ఎదురైంది అలక. వాళ్ల ఇళ్లలో ఎదురయ్యేది వెలి కావచ్చు.

నమ్మకం లేదన్నందుకు కొట్టడం, గదిలో పెట్టడం, దెయ్యం పట్టిందని ఎవరో బాబా దగ్గరికి లాక్కెళ్లడం లాంటివి జరుగుతుంటే సర్దుబాటు మాటే ఎత్తకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మీ విషయానికి వస్తే, ఈ వారం చేయాల్సింది ఒకటే. మీవారిని మధ్యవర్తిగా పెట్టకుండా మీరే ఆవిడతో మాట్లాడండి. మగవాళ్లు ఇలాంటి సందేశాలు మోసేటప్పుడు సగం పారబోస్తారు, మిగతా సగంలో ఉప్పు ఎక్కువేస్తారు. వంటింట్లో ఆవిడ ఏదో పనిలో ఉన్నప్పుడు పక్కన నిలబడి, "మూఢత్వం అన్నది తప్పు మాటత్తయ్యా. నాకు నమ్మకం లేదు, అది మారదు. మీరు నన్ను పాపభీతి లేదన్నారు, అది నాకు గుచ్చుకుంది" అని చెప్పండి. క్షమాపణ, నిజం, ఫిర్యాదు మూడూ వరుసగా ఉండాలి. ఆవిడ వెంటనే కరుగుతారని అనుకోకండి. బహుశా గిన్నెలు కాస్త గట్టిగా పెడతారు.

తర్వాత బాసర ప్రయాణం పని మీరే ఎత్తుకోండి. వసంత పంచమి నాడు అక్కడ క్యూలో చిన్నపిల్లలతో నిలబడటం నరకం, కానీ అక్షరాభ్యాసం ఏడాది పొడుగునా చేస్తారు. పాప ఏడవకుండా ఉండాలంటే రద్దీ లేని రోజు మేలని అడిగి చూడండి. ఆ కారణం ఆవిడకు మీకంటే ముందు అర్థమవుతుంది. తిథి, నక్షత్రం చూడటం ఆవిడకు వదిలేయండి. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా వెళ్లే రైళ్లు బాసరలో ఆగుతాయి, లోయర్ బెర్త్ ఆవిడకు వచ్చేలా టికెట్లు మీరు చేయండి.